రెండో విత్తనాల కొట్టు

మొన్న ఎండాకాలం మా ఊళ్ళో ఆటో దిగీ దిగగానే బెల్లం వాసన ముక్కుకు తగిలింది. వట్టి బెల్లం కాదు. పులిసిన బెల్లం నీళ్ళు, నానిన కరక్కాయలు, అప్పుడే నీళ్ళు తాగి పొగలు కక్కుతున్న సున్నం, మూడూ కలిసిన వాసన. ఈ వయసులో పొద్దున ఏం తిన్నానో నాకు గుర్తుండదు. మాత్ర వేసుకున్నానో లేదో కోడలిని అడగాలి. ఆ వాసన తగలగానే మాత్రం పదేళ్ళ పిల్లనైపోయి, తేలు కుట్టిన దొంగలా అక్కడే నిలబడిపోయాను. "అమ్మా, జర పక్కకు జరుగు, బండి తిప్పుకోవాలె" అని ఆటో అబ్బాయి రెండుసార్లు అన్నాడట. నాకు వినబడలేదు.

నన్ను హనుమకొండ నుంచి పిలిపించింది నా చిన్ననాటి జోడీ. ఎదురింటి కమ్మరివాళ్ళ పిల్ల. పిల్ల అంటే ఇప్పుడు పంటి వరస మొత్తం ఊడిపోయిన ముసలిది. పెళ్ళి కూడా ఆ ఊళ్ళోనే చేసుకుని అక్కడే ఉండిపోయింది. ఫోన్ చేసి, "ఇత్తనాల కొట్టు మీద మిద్దె మళ్ల ఏస్తాన్రే. సున్నం కలుపుడు ఎవలకు తెల్వది, నేను సగం మరిసిన. నీకు తెలుసని చెప్పిన. నువ్వు రాకుంటె నా ఇజ్జత్ పోతది" అంది. దాని నోట్లో నువ్వుగింజ నానదు. అరవై ఏళ్ళ కింద కూడా నానలేదు, ఒక్కసారి తప్ప. ఆ ఒక్కసారి గురించే నేను చెప్పబోతున్నాను.

మాది రెండు గుట్టల నడుమ ఒదిగిన చిన్న ఊరు. మరిపెడ దాటాక రోడ్డు దిగి లోపలికి పోవాలి. ఊరికి ఒక పక్క వాగు, వాగుకు రెండు పక్కలా జొన్న, మక్క, మిరప. బజారు మొదట్లో ముసాఫిర్‌ఖానా ఉండేది, బండ్లవాళ్ళు ఎడ్లు విప్పుకుని పడుకునే చోటు. ఇప్పుడు అందులో సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. దాని పక్కన పాత కచేరీ ఉంది, పైకప్పు పోయింది. బజారు చివర పత్తి మిల్లు ఉండేది, పొగగొట్టం ఒక్కటే మిగిలింది. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు మోసుకుపోయే లారీలు వీటన్నిటి మధ్య నుంచి హారన్ కొట్టుకుంటూ పోతున్నాయి. కాలం పోతున్న కొద్దీ ఊళ్ళు మారాలి, మారనివ్వండి, నాకేం ఏడుపు లేదు.

వాటన్నిటికంటే పాతది విత్తనాల కొట్టు. మోకాలెత్తు అరుగు, మూరెడు మందం రాతి గోడలు, వాటి మీద సున్నం వేసి కొట్టిన చదునైన కప్పు, మేం మిద్దె అనేది, కిటికీలకు బదులు గింజలు పోయడానికి గోడ పైన రెండు చిన్న కంతలు. ముందు వసారాలో నాలుగు నల్లరాతి స్తంభాలు. అందులో ఒకదాని మీద హంసల బారు చెక్కి ఉంటుంది, తలకిందులుగా. ఏ పాడుబడిన గుడి నుంచో తెచ్చి, పైది కిందికి, కిందిది పైకి చేసి నిలబెట్టేశారు. ఆ హంసలను సక్కగా చూడాలంటే మనమే తలకిందులు కావాలి. నేనూ నా జోడీ గోడకు కాళ్ళు ఆనించి, చేతుల మీద నిలబడి, పరికిణీలు మొహాల మీద పడుతుంటే హంసలను లెక్కపెట్టేవాళ్ళం. పదకొండు. పన్నెండోది ఉందని అది ఇప్పటికీ వాదిస్తుంది.

ఆ అరుగు మీద కూర్చునే పెద్దలకు ఒకటే పని, ఆ కొట్టు ఎవరు కట్టించారని కొట్లాడుకోవడం. కాకతి రాజులని బడిపంతులు. కాదు, తమ ముత్తాతకు తాత అని పటేలు. ఇద్దరూ కాదు, వడ్డెవాళ్ళు తమంతట తామే కట్టుకున్నారని ఒక ముసలాయన. ఎవరు కట్టించారన్న దగ్గర తగువు తెగేది కాదు గానీ, ఎందుకు కట్టించారన్న దగ్గర అందరిదీ ఒకే మాట. ఒకప్పుడు తొలకరి మోసం చేసిందట. మొదటి వానకు విత్తేశారు, మొలక వచ్చింది, తర్వాత నెల రోజులు చుక్క పడలేదు. మొలకంతా మాడిపోయింది. మళ్ళీ విత్తుదామంటే ఎవరింట్లోనూ గింజ లేదు. సగం ఊరు లేచిపోయింది. తర్వాత తిరిగొచ్చినవాళ్ళు కట్టుకున్నది ఈ కొట్టు. ప్రతి ఇంటి నుంచి విత్తనంలో సగం ఇందులో పోయాలి. మొదటి విత్తు తప్పితే రెండో విత్తుకు తీయాలి. అది తప్ప ఇంక దేనికీ, పెళ్ళి వచ్చినా చావు వచ్చినా, ఆ గింజ ముట్టకూడదు.

నేను చెప్పే ఏడాదికి ముందు వానాకాలం ఆ కొట్టు కురిసింది. లోపల గుమ్ముల్లోనే గింజలు మొలకెత్తి, తీసి చూస్తే తెల్లగా వేళ్ళు. ఆ ఏడు మా ఊరి రైతులు డోర్నకల్ అవతలి ఊళ్ళకు పోయి విత్తనాలు అడుక్కొచ్చారు. అందుకని ఎండాకాలంలో మిద్దె తవ్వేసి కొత్తగా వేయాలనుకున్నారు. వేసేదెవరు? పాత మేస్త్రి చచ్చిపోయాడు. అప్పుడు అతని భార్య అరుగు ముందు నిలబడి "నేనేస్త" అంది.

ఊరంతా ఆమెను సున్నమవ్వ అనేవాళ్ళు. పొట్టి మనిషి, వేళ్ళ సందులన్నీ సున్నానికి పొక్కి గట్టిపడ్డ చేతులు. ముప్ఫై ఏళ్ళు మొగుడి పక్కన గానుగలో సున్నం నూరింది, మిద్దెలు కొట్టింది, కానీ ఆమె పేరున ఒక్క మిద్దె లేదు. అరుగు మీద అందరికంటే ముందు నవ్వింది మా తాతే. మా తాతది బజార్లో పెద్ద కిరాణా దుకాణం. మాటలో కారం, చేతిలో బెల్లం అని ఆయనకు పేరు.

"గానుగ తిప్పినోళ్లందరు మేస్త్రులైతె, ఎడ్లు గూడ మేస్త్రులే గదా" అన్నాడు.

"ఎడ్లకు కురిసే మూల ఎక్కడున్నదో తెల్వది సావుకారి. నాకు తెలుసు" అంది సున్నమవ్వ. "తొలి వానకు నేను లోపల కూసుంట. పసుపు ఎయ్యున్రి. ఒక్క సుక్క పడ్డా మళ్ల ఈ ఊర్ల సున్నం ముట్ట."

పసుపు వేయడమంటే మా వైపు మిద్దె పరీక్ష. మిద్దె వేసినవాళ్ళు తొలి వానకు కింద ఒంటరిగా కూర్చోవాలి. నేలంతా సున్నం పూసి, ఆరాక పలచని బట్టతో పసుపు జల్లిస్తారు. నీటి చుక్క పడిందా, పసుపూ సున్నమూ కలిసి అక్కడ ఎర్రటి మచ్చ తేలుతుంది. తుడిస్తే ఇంకా పెద్దదవుతుంది తప్ప పోదు. అబద్ధం చెప్పడానికి వీల్లేని పరీక్ష అది.

ఊరి పని కాబట్టి ఎవరికి ఉన్నది వాళ్ళు ఇచ్చారు. రైతులు వాగు నుంచి బండ్లతో ఇసుక తోలారు. అడవికి పోయేవాళ్ళు కరక్కాయలు తెచ్చారు. మా తాత ఎంత వెటకారం చేసినా, సున్నానికి పట్టు రావడానికి కలిపే బెల్లం నాలుగు దిమ్మలు పంపించాడు, ఒక్కొక్కటి మా నాయనమ్మ ఎత్తలేనంత. ఆ దిమ్మలను కొట్టు వసారాలో గోనెసంచుల కింద పెట్టి, చీమలు పట్టకుండా, గాడిదలు నాకకుండా మా ఇద్దరినీ కాపలా ఉంచారు. ఆ పని మాకు అప్పజెప్పిన మహానుభావుడు ఎవరో గానీ, పిల్లికి పాలు అప్పజెప్పినట్టే.

ఆ ఎండాకాలమంత సంబరం నాకు మళ్ళీ దొరకలేదు. ఎద్దు గుండ్రంగా తిరుగుతుంటే రాతి చక్రం కింద సున్నం వెన్నలా నలిగేది. మిద్దె మీద పదకొండు మంది ఆడవాళ్ళు బారుగా కూర్చుని చెక్కలతో దెబ్బ మీద దెబ్బ వేసేవాళ్ళు, ఒకామె ఏదో ఒక పాట ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకునేవాళ్ళు. పాటలో మా తాత మీద కూడా ఒక ముక్క ఉండేది, ఆయన అటు రాగానే ఆ ముక్క మానేసేవాళ్ళు. మధ్యాహ్నం వాళ్ళు జొన్న గటకా పచ్చిపులుసూ తెచ్చుకుని, మమ్మల్ని కూర్చోబెట్టి పెట్టేవాళ్ళు. మా ఇంట్లో సన్నబియ్యం అన్నం ఉన్నా నాకు ఆ గటకే రుచి. అది తిన్నాక నోరు తీపి అడిగేది. పక్కనే బెల్లం.

మొదట గోరుతో గీరాం. తర్వాత మేకుతో తవ్వాం. పైన తింటే కనబడుతుందని నాలుగో దిమ్మను కింది నుంచి తిన్నాం. తెలివితేటలు మాకేం తక్కువ. రోజుకింత తవ్వి, మళ్ళీ బోర్లించి, గోనెసంచి కప్పేసేవాళ్ళం. గాడిద పిల్లకు కూడా పెట్టాం. ఇరవై రోజుల్లో ఆ దిమ్మ పైకి దిమ్మే, లోపల గుల్ల.

చివరి రోజు ఒక్క ఈశాన్యం మూల మిగిలింది. సున్నం నూరి సిద్ధంగా ఉంది. సున్నమవ్వ నాలుగో దిమ్మను రెండు చేతులతో ఎత్తబోతే అది సగం బరువుతో లేచింది. వేలితో తట్టింది. డొల్ల శబ్దం. సరిగ్గా అప్పుడే మా తాత అక్కడున్నాడు.

"కూలోళ్ల పని ఇది" అన్నాడు, మిద్దె మీద ఉన్నవాళ్ళకు వినబడేట్టు. "ఆకలి కడుపుల ముందర బెల్లం పెడితె ఇంకేమైతది."

చెక్కల చప్పుడు ఆగిపోయింది. పాట ఎత్తుకునే ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. సున్నమవ్వ మా ఇద్దరి వైపూ చూసింది. నా జోడీ గదుమకు, పెదవి కిందుగా, బెల్లం మరక ఇంకా అంటుకునే ఉంది. నోరున్న పిల్లనని నాకు ఊరంతా పేరు. అప్పుడు మాత్రం ఆ నోట్లో బెల్లం ఉంది. మింగలేక, ఉమ్మలేక నిలబడ్డాను.

"మావోళ్లు ముట్టలే" అంది సున్నమవ్వ. "నూరిన సున్నం ఆగది. ఇంకో దిమ్మ ఇయ్యి సావుకారి."

"ఇచ్చేది ఇచ్చిన. తిన్నోళ్లు కక్కాలె" అని తాత వెళ్ళిపోయాడు. మిగిలిన చిప్పలే నీళ్ళలో కరిగించి ఆ మూల పూర్తి చేశారు.

మర్నాటి నుంచి ఆ ఆడవాళ్ళు మా దుకాణం ముందు నుంచి నడవడం మానేశారు. నాకు అన్నం సయించలేదు. నాయనమ్మ దిష్టి తీసి పొయ్యిలో మిరపకాయలు వేసింది. ఘాటు రాలేదని, దిష్టి గట్టిగానే తగిలిందని ఊళ్ళో ఇద్దరు ముగ్గుర్ని తిట్టింది. బెల్లం తిన్నందుకు భయం కాదు నాకు. ఆ ఏడ్చినామె రోజూ తన గటకలో నుంచి నాకు పెట్టిన మనిషి. 

తొలి వాన మధ్యాహ్నం వచ్చింది. గుట్ట మీద నల్లగా కమ్ముకోగానే ఊరు ఊరంతా కొట్టు దగ్గరికి పరిగెత్తింది. సున్నమవ్వ లోపలికి పోయింది, తలుపు మూశారు. నేను కొట్టు వెనక వైపుకు వెళ్ళి, గోడకు ఆనించి ఉన్న నిచ్చెన ఎక్కి, గింజలు పోసే కంతలో నుంచి లోపలికి దూకాను. పసుపు మీద నా అడుగులు పడ్డాయి. గది మధ్యలో పీట మీద కూర్చున్న సున్నమవ్వ నన్ను చూసింది. పక్కకు జరిగి సగం పీట ఇచ్చింది.

వాన దంచికొట్టింది. నేను ఈశాన్యం మూల వైపే చూస్తున్నాను. చాలాసేపు ఏమీ లేదు. దేవుడు మంచివాడనుకున్నాను. అప్పుడు టప్పున ఒక చుక్క పడింది. పసుపు మీద రూపాయి బిళ్ళంత ఎర్రటి మచ్చ తేలింది.

నేను లేచి పరిగెత్తి ఆ మచ్చ మీద కూర్చున్నాను. పరికిణీ చుట్టూ పరుచుకుని, కనబడకుండా మొత్తం కప్పేశాను. ఇంకో చుక్క నా నెత్తి మీద పడింది.

"లే బిడ్డ" అంది సున్నమవ్వ.

"లేవ. వాళ్లు చూసి పోయినంక లేస్త."

"నువ్వు కూసుంటె ఇయ్యాల దాగుతది. నువ్వు లేసినంక ఆడ గింజలు కూసుంటయి. అవి నీ లెక్క చెప్పుకోగలుగుతయా?"

నాకు ఏడుపొచ్చింది. "మరి నిన్ను సున్నం ముట్టనియ్యరు గదా" అన్నాను.

ఆమె దగ్గరికొచ్చి నా నెత్తి మీది తడి కొంగుతో తుడిచింది. "గీ కొట్టు ఎందుకు కట్టిన్రో తెలుసా నీకు? మొదటి విత్తు తప్పినోళ్ల కోసం కట్టిన్రు. తప్పనోళ్లకు దీంతోటి పనే లేదు" అంది.

వాన తెరిపిచ్చింది. తలుపు తీశారు. ముందు పటేలు, వెనక మా తాత, వాళ్ళ వెనక ఊరు. పరీక్ష గదిలో నన్ను చూసి అందరూ నోళ్ళు తెరిచారు. సున్నమవ్వ నా చెయ్యి పట్టుకుని లేపి, తనే మచ్చ చూపించింది. "రెండు సుక్కలు. ఈ మూల ఏసింది నేను. తప్పు నాది" అంది.

"నేను ముందే చెప్పిన" అని మా తాత మొదలుపెట్టాడు.

"బెల్లం నేను తిన్న" అన్నాను. అంత పెద్ద గొంతుతో నేను జీవితంలో ఇంకెప్పుడూ మాట్లాడలేదు. "వాళ్లెవ్వలు తినలే తాతా. నాలుగో దిమ్మ మొత్తం నేనే తిన్న."

జనంలో నుంచి "నేను గూడ" అని సన్నగా ఒక గొంతు వినబడింది. నా జోడీ.

తాత చెయ్యి లేస్తుందని కళ్ళు మూసుకున్నాను. ఎంతకీ దెబ్బ పడలేదు. తెరిచి చూస్తే ఆయన లేడు. కోపంతో ఇంటికి పోయాడనుకున్నారు అందరూ. కాసేపటికి బురదలో నుంచి వస్తూ కనిపించాడు, తలపాగా లేకుండా, భుజం మీద బెల్లం దిమ్మ పెట్టుకుని. మా తాత దుకాణంలో పావుసేరు పప్పు కూడా తన చేత్తో మోయని మనిషి. ఆ దిమ్మ తెచ్చి, కూలి ఆడవాళ్ళ ముందు అరుగు మీద దించాడు. మళ్ళీ పోయి ఇంకోటి తెచ్చాడు. ఏడ్చిన ఆమె ముందు నిలబడి, "నేనన్న మాట తప్పు బిడ్డ. మనసుల పెట్టుకోకు" అన్నాడు. ఆమె నీళ్ళ చెంబు అందించింది. అది చూసి నాకు ఏడుపు ఆగలేదు.

తర్వాత వారం రోజులు వాన తెరిపి ఇచ్చింది. ఈశాన్యం మూల తవ్వి మళ్ళీ వేశారు. శిక్షగా మా ఇద్దరినీ ఆ ఆడవాళ్ళ మధ్య కూర్చోబెట్టి, చేతులు బొబ్బలెక్కేదాకా చెక్కలతో కొట్టించారు. దెబ్బకో మాట చొప్పున సున్నమవ్వ కలుపు మొత్తం మా చేత బట్టీ పట్టించింది. తప్పితే మొదటి నుంచి మళ్ళీ. రెండో వానకు ఆమె మళ్ళీ పీట మీద కూర్చుంది. ఈసారి పసుపు పసుపుగానే ఉంది. ముందన్న పంతం మాటేమిటని ఎవరో అంటే, "ఆ మాట నేను మరిసిపోయిన, నువ్వు గూడ మరువు" అని వాడి నోరు మూయించింది మా తాతే. ఆ ఏడు తొలకరి నిజంగానే మోసం చేసింది. రెండో విత్తు కొట్టులో నుంచి తీశారు, ఒక్క గింజకు కూడా బూజు లేదు. బజార్లో మిద్దెలన్నీ తర్వాత సున్నమవ్వే వేసింది.

ఇదంతా తలుచుకుంటూ వసారాలోకి నడిచాను. నా జోడీ అరుగు మీద కూర్చుని బెల్లం ముక్క చప్పరిస్తోంది. పని చూసుకునే ఇంజనీరు ఒక చిన్నపిల్ల, వరంగల్లో చదువుకుందట. ఊళ్ళో పడుచు రైతులు కొందరు దేశవాళీ విత్తనాలు దాచుకోవడానికి కొట్టు అడిగారట. కూలగొట్టి దుకాణాలు కట్టాలన్నవాళ్ళు ఈ వానాకాలం దాకా గడువిచ్చారు. ఈసారి కురిస్తే కూలగొట్టేస్తారు.

"సిమెంట్ ప్యాచీలన్నీ లీకే అమ్మమ్మా" అంది ఆ పిల్ల. "ఆ ఈశాన్యం మూల ఒక్కటి మాత్రం గడ్డపారకు గూడ లేస్తలేదు. అక్కడ స్పెషల్‌గా ఏం కలిపిన్రు?"

"దీని తాత సిగ్గు కలిపిన్రు" అంది నా జోడీ. ఆ పిల్లకు అర్థం కాక నవ్వింది. ఫోన్ తిప్పి హంసల ఫొటో చూపించింది, తలకిందులుగా కాకుండా, సక్కగా నడుస్తున్న హంసలు. ఈ కాలం పిల్లలకు ఎంత సులువో. వేలు పెట్టి లెక్కపెట్టాను. పన్నెండు. జోడీకి చెప్పలేదు.

తర్వాత అరుగు మీద అరచేత్తో కొడుతూ కలుపు చెప్పాను. "తట్ట సున్నానికి రెండు తట్టల ఇసుక. కరక్కాయ నీళ్లు పులిసినంక. బెల్లం నీళ్లు నురుగు పట్టినంక. గానుగ నూరు సుట్లు తిరిగినంక." అరవై ఏళ్ళైనా ఒక్క మాట తప్పలేదు. ఆ పిల్ల గబగబా రాసుకుంది. చివరి మాట దగ్గర మాత్రం కలం ఆపి తలెత్తింది.

"పిల్లలకు ఒక దిమ్మనా? అది దేంట్ల కలపాలె అమ్మమ్మా?"

సున్నమవ్వ ఆ తర్వాత ఏ మిద్దెకు సామాను రాయించినా చివర్లో రాయించిన మాట అది. మా తాత ఆ దిమ్మను తన చేత్తో పగలగొట్టి పంచేవాడు. నేను జవాబు చెప్పబోతూ వసారా వైపు చూశాను. కూలివాళ్ళ పిల్ల ఒకతి, ఆరేడేళ్ళుంటాయేమో, గోనెసంచి మీద కూర్చుని ఎటో చూస్తోంది. గదుమకు మరక.

"దేంట్ల కలపొద్దు బిడ్డ" అన్నాను. "ముందుగాల అదే తెప్పియ్యి. మిద్దె కురవది."